140 కోట్ల మందిలో 11 మంది దొరకరా? పెద్ద జట్ల ముందు భారత ఫుట్‌బాల్ టీమ్ ఎందుకు తేలిపోతోంది..

భారత ఫుట్‌బాల్ జట్టు ఓడిన ప్రతిసారీ సోషల్ మీడియాలో ఒకటే ప్రశ్న. "140 కోట్ల జనాభాలో బంతి తన్నే 11 మంది దొరకరా?" అని. వినడానికి బాగానే ఉంటుంది గానీ, జనాభాతో ఫుట్‌బాల్ గెలిచేది ఉంటే ప్రపంచకప్ మనకూ చైనాకూ మధ్యే తిరుగుతుండేది. 2026 ప్రపంచకప్‌కు అర్హత సాధించిన కురసావ్ దీవి జనాభా లక్షన్నర పైచిలుకు. ఇంచుమించు మన తెనాలి అంత! ఆ జట్టులో చాలామంది నెదర్లాండ్స్‌లో పుట్టి, అక్కడి అకాడమీల్లో ఆట నేర్చుకున్నవాళ్లే. అంటే తల ఎంతమందికి ఉందన్నది కాదు, బంతి ఎక్కడ, ఏ వయసులో నేర్చుకున్నారన్నదే అసలు విషయం.

మన జట్టు ఎక్కడ తడబడుతుందో చూడాలంటే ఒక మ్యాచ్ చాలు. 2024 జనవరి 18, ఖతార్‌లో ఆసియా కప్, ప్రత్యర్థి ఉజ్బెకిస్తాన్. నాలుగో నిమిషంలోనే మొదటి గోల్ పడింది. 18వ నిమిషంలో రెండోది. హాఫ్ టైమ్ విజిల్‌కు ముందు మూడోది. సెకండ్ హాఫ్‌లో మనవాళ్లు కాస్త నిలదొక్కుకున్నా స్కోరు మారలేదు. 0-3. ఆ టోర్నీలో ఆస్ట్రేలియా చేతిలో 0-2, సిరియా చేతిలో 0-1 తేడాతో కూడా ఓడాం. మూడు మ్యాచ్‌లు ఆడి ఒక్క గోల్ కూడా కొట్టకుండా ఇంటికొచ్చాం.

ఓడిపోవడం వింతేమీ కాదు, ర్యాంకులే ఆ మాట చెబుతాయి. కానీ మూడు మ్యాచ్‌ల్లో 270 నిమిషాలు ఆడి ఒక్కసారి కూడా బంతిని వలలోకి పంపలేకపోవడం ఎలా జరిగింది?

తేడా అంతా ఆ ఒక్క సెకనులోనే

టెక్నిక్ అనగానే మనకు గుర్తొచ్చేది మెస్సీ నలుగురిని దాటుకుంటూ వెళ్లడం, రొనాల్డో బైసికిల్ కిక్. నిజానికి కోచ్‌లు టెక్నిక్ అనేది అంతకంటే చాలా చిన్న విషయాన్ని. బంతి నీ దగ్గరికి వచ్చేలోపు నువ్వు ఏం చూశావు? వచ్చాక మొదటి టచ్‌తో దాన్ని ఎక్కడ పెట్టావు? అంతే.

మంచి మిడ్‌ఫీల్డర్‌ను టీవీలో గమనించండి. బంతి అతనికి ఇంకా పది గజాల దూరంలో ఉండగానే భుజం మీదుగా వెనక్కి ఒకసారి చూస్తాడు. ఎవరు మీదికొస్తున్నారు, ఎక్కడ ఖాళీ ఉంది అన్నది అప్పుడే తేల్చుకుంటాడు. ఒంటిని కాస్త పక్కకు తిప్పి నిలబడతాడు. మొదటి టచ్‌తోనే బంతి ఖాళీ వైపు వెళ్తుంది, రెండో టచ్ పాస్. ఇదంతా ఒక సెకనులోపు పని.

మన ఆటగాడు చాలాసార్లు ఏం చేస్తాడంటే.. మొదటి టచ్‌తో బంతిని ఆపుతాడు. తర్వాత తల ఎత్తి చూస్తాడు. అప్పుడు పాస్ ఇస్తాడు. దేశవాళీ లీగ్‌లో ఆ మూడు పనులకూ టైమ్ దొరుకుతుంది. ఉజ్బెకిస్తాన్, ఆస్ట్రేలియా, ఇరాన్ లాంటి జట్లు దాన్ని ఇవ్వవు. తల ఎత్తేలోపే ఎదుటివాడు మీద పడిపోతాడు. క్రికెట్ భాషలో చెప్పాలంటే, ఏళ్ల తరబడి 120 కిలోమీటర్ల బౌలింగ్ ఆడి, ఒక్కసారిగా 145కు ఎదురు నిలబడటం లాంటిది. బ్యాటర్‌కు షాట్లు రాక కాదు, ఆడే టైమ్ ఉండదు.

పరుగు ఎక్కువ, బంతి తక్కువ

ఇక్కడి నుంచి ఒకదాని వెంట ఒకటి వస్తాయి. పాస్ ఇచ్చే టైమ్ లేదు కాబట్టి డిఫెండర్ బంతిని ముందుకు బలంగా కొట్టేస్తాడు. అక్కడ మన స్ట్రైకర్ ఒక్కడే, ఎదురుగా ఇద్దరు ఎత్తైన సెంటర్ బ్యాక్‌లు. బంతి పది సెకన్లలో తిరిగొస్తుంది. మళ్లీ డిఫెన్స్.

"మనవాళ్లకు ఫిట్‌నెస్ లేదు, 70 నిమిషాలకే అలసిపోతారు" అని అంటుంటారు కదా.. అందులో సగమే నిజం. బంతి మన కాళ్ల దగ్గర ఉన్నప్పుడు మనం ఎప్పుడు పరిగెత్తాలో మనమే నిర్ణయించుకుంటాం. బంతి వాళ్ల దగ్గర ఉంటే వాళ్లు ఎటు తిప్పితే అటు పరిగెత్తాలి. అదే దూరం పరిగెత్తినా ఈ రెండో పరుగు ఒంటినీ, మనసునూ రెండింతలు పిండేస్తుంది. ఆస్ట్రేలియాను హాఫ్ టైమ్ దాకా 0-0తో ఆపాం, గోల్స్ 50, 73 నిమిషాల్లో పడ్డాయి. సిరియా గోల్ 76వ నిమిషంలో వచ్చింది.

2024 జూన్ 11న దోహాలో జరిగింది కూడా చెప్పుకోవాలి. ప్రపంచకప్ క్వాలిఫయర్‌లో ఖతార్ మీద చాంగ్టే గోల్‌తో 1-0 ఆధిక్యంలో ఉన్నాం. 73వ నిమిషంలో బంతి గీత దాటి బయటికి వెళ్లినా రెఫరీ గోల్ ఇచ్చేశాడు. 85వ నిమిషంలో ఇంకోటి. 1-2తో ఓడి క్వాలిఫయర్స్ నుంచి బయటపడ్డాం. అన్యాయం జరిగిన మాట వాస్తవం, ఆ వీడియో ఇప్పుడు చూసినా ఒళ్లు మండుతుంది. కానీ ఇంకో మాట కూడా ఉంది. అప్పటికే తర్వాతి రౌండ్ ఖాయం చేసుకున్న ఖతార్ ఆ రోజు ఎక్కువగా కుర్రాళ్లతోనే దిగింది. అంతకు ముందు మార్చిలో గువాహటిలో అఫ్గానిస్తాన్ చేతిలో 1-2తో ఓడకుండా గెలిచి ఉంటే, దోహాలో ఆ పరిస్థితే వచ్చేది కాదు.

చిన్న జట్లతోనూ ఎందుకు ఇబ్బంది?

వెనక్కి తగ్గి కాచుకుని ఆడితే మన జట్టు కొన్ని మ్యాచ్‌లు గెలవగలదు. ఖాలిద్ జమీల్ కోచ్‌గా వచ్చిన కొత్తలో, 2025లో సీఏఎఫ్ఏ నేషన్స్ కప్‌లో అదే చేసి చూపించాడు. తజికిస్తాన్‌ను 2-1తో ఓడించాం. ఆ రెండు గోల్స్ కొట్టింది ఎవరో తెలుసా? అన్వర్ అలీ, సందేశ్ జింగన్. ఇద్దరూ డిఫెండర్లే! మూడో స్థానం మ్యాచ్‌లో ఒమన్‌ను పెనాల్టీల్లో దాటేశాం. మధ్యలో ఇరాన్ మాత్రం 3-0తో మన అసలు ఎత్తు ఎంతో కొలిచి చూపింది.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ఎదుటి జట్టు కూడా వెనక్కి తగ్గి "బంతి మీరే ఉంచుకోండి" అన్నప్పుడు. అప్పుడు దాడిని మనమే అల్లాలి, సందులు మనమే వెతకాలి. మళ్లీ అదే ఫస్ట్ టచ్, అదే పాస్ కావాలి. 2025 మార్చిలో షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో 0-0. జూన్‌లో హాంకాంగ్‌లో చివరి నిమిషాల పెనాల్టీతో 0-1. అక్టోబర్‌లో గోవాలో సింగపూర్ మీద ముందు గోల్ కొట్టి కూడా 1-2తో ఓడాం, దాంతో 2027 ఆసియా కప్ ఆశ పోయింది. నవంబర్‌లో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 0-1. ఆ జట్టు మన మీద గెలిచి అప్పటికి 22 ఏళ్లయింది. ఫిఫా ర్యాంకు 142కు జారింది. 1996లో ఇదే జట్టు 94లో ఉండేది.

గోల్ కొట్టే మనిషి ఏడీ?

షిల్లాంగ్ మ్యాచ్‌లో మన స్ట్రైకర్ సునీల్ ఛెత్రి. వయసు 40. ఒకసారి రిటైర్ అయిన మనిషిని బతిమాలి వెనక్కి తెచ్చుకున్నాం. ఆయన తప్పు ఏముంది, వచ్చీ రాగానే మాల్దీవుల మీద గోల్ కూడా కొట్టాడు. కానీ ఆయన తర్వాత క్యూలో ఎవరూ ఎందుకు లేరు?

ఇండియన్ సూపర్ లీగ్ 2014లో మొదలైంది. అప్పటి నుంచి 2024-25 సీజన్ వరకు అత్యధిక గోల్స్‌కు ఇచ్చే గోల్డెన్ బూట్ ఒక్క భారతీయుడికి కూడా దక్కలేదు. మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో టైటిల్ గెలిచినప్పుడు కూడా 18 గోల్స్‌తో ముందున్నది నైజీరియాకు చెందిన ఒగ్బెచే. క్లబ్బుల్ని తప్పుపట్టలేం. డబ్బు పెట్టి విదేశీ ఆటగాడిని తెచ్చుకున్నప్పుడు మ్యాచ్‌ను తేల్చే చోటే నిలబెడతారు. అంటే స్ట్రైకర్, ప్లే మేకర్, సెంటర్ బ్యాక్. మనవాళ్లకు మిగిలేది వింగులు, ఫుల్ బ్యాక్‌లు. ఆదివారం క్లబ్బుకు రెక్కల మీద పరిగెత్తినవాడిని జాతీయ జట్టులో మధ్యలో నిలబెట్టి గోల్ కొట్టమంటే ఎలా?

విదేశాలకు వెళ్లి ఆడేవాళ్లూ దాదాపు లేరు. గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ఒకప్పుడు నార్వేలో స్టాబెక్‌కు ఆడాడు, ఇప్పటికీ ఉదాహరణగా ఆ పేరే చెప్పుకోవాల్సి వస్తోంది. ఇక్కడ పేరు, జీతం రెండూ ఉంటే యూరప్‌లో చిన్న క్లబ్‌లో బెంచ్ మీద కూర్చోవడానికి ఎవరు వెళ్తారు? విదేశాల్లో పెరిగిన భారత సంతతి ఆటగాళ్లను తెచ్చుకుందామంటే మన చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. ఆస్ట్రేలియా పాస్‌పోర్ట్ వదులుకుని వచ్చిన ర్యాన్ విలియమ్స్ లాంటివాళ్లు అరుదు. బంగ్లాదేశ్‌కు ఆ అడ్డు లేదు, అందుకే ఇంగ్లండ్‌లో పెరిగిన హంజా చౌదరిని షిల్లాంగ్‌లో మన మీదే దించింది.

ఎనిమిదేళ్ల పిల్లాడి దగ్గర మొదలు

ఫస్ట్ టచ్ అనేది 22 ఏళ్లకు జాతీయ క్యాంపులో నేర్పేది కాదు. భాష లాంటిది. ఏడెనిమిదేళ్ల నుంచి పన్నెండు, పదమూడేళ్ల లోపు కాళ్లకు పట్టాలి. దానికి ముఖ్యంగా కావాల్సింది వారం వారం మ్యాచ్. మన దగ్గర పిల్లలకు ఉండేది ఎక్కువగా టోర్నమెంట్లు. ఓడితే మర్నాడు రైలెక్కి ఇంటికి రావడమే, మళ్లీ ఎప్పుడో ఇంకో టోర్నమెంట్. పైగా ఆ వయసులో గెలవాలనే తొందరలో కోచ్ పొడుగ్గా, బలంగా ఉన్న కుర్రాడినే తీసుకుంటాడు. వయసు తగ్గించి చూపే జబ్బు ఎలాగూ ఉంది. కాళ్లలో ఆట ఉన్న బక్క పిల్లాడు బయట ఉండిపోతాడు.

ఉజ్బెకిస్తాన్ జనాభా నాలుగు కోట్ల లోపే. 2023లో ఆసియా అండర్-20 కప్, 2025లో అండర్-17 కప్ గెలిచింది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌కు, తర్వాత తొలిసారి ప్రపంచకప్‌కు అర్హత సాధించింది. ఆ దేశపు ఖుసనోవ్ ఇప్పుడు మాంచెస్టర్ సిటీ డిఫెండర్. మన మీద నాలుగో నిమిషంలో గోల్ కొట్టిన ఫైజుల్లాయెవ్‌కు ఆ రోజు 20 ఏళ్లు. ఆ అండర్-20 కప్ జట్టులోనూ ఆడాడు. ఒకే బ్యాచ్ పిల్లలు కలిసి పెరిగి, కలిసే పైకి వచ్చారన్నమాట.

హైదరాబాద్‌కు ఇది తెలియనిది కాదు

ఈ పాఠం మన ఊళ్లోనే ఒకాయన డెబ్బై ఏళ్ల కిందట చెప్పాడు. సయ్యద్ అబ్దుల్ రహీం, బడి పంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన చేతుల్లో 1950 నుంచి 54 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తయిన భారత జట్టే, నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీస్ చేరింది, నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో జపాన్‌ను 2-0తో, ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో కొట్టి స్వర్ణం తెచ్చింది. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం రెండు జట్లలోనూ ఉన్నాడు. అజయ్ దేవగన్ 'మైదాన్' సినిమా రహీం కథే.

రహీం సాబ్ కుర్రాళ్లకు పెట్టిన పోటీల్లో ఒకటి విచిత్రంగా ఉండేది. అలవాటున్న కాలితో బంతి తన్నకూడదు, బలహీనమైన కాలితోనే ఆడాలి! రెండు కాళ్లూ ఆడితే ఎటు తిరిగైనా పాస్ ఇవ్వొచ్చు, ఒక టచ్ మిగులుతుంది. పైన చెప్పుకున్న ఆ ఒక్క సెకను ఆయన అప్పుడే పట్టుకున్నాడు. క్యాన్సర్‌తో 1963లో ఆయన పోయాక భారత్ మళ్లీ ఆసియా క్రీడల స్వర్ణం చూడలేదు.

ఇప్పుడు హైదరాబాద్‌కు ఐఎస్ఎల్ జట్టే లేదు. టైటిల్ గెలిచిన మూడేళ్లకు హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి వెళ్లిపోయి పేరు మార్చుకుంది. 2025-26 ఐఎస్ఎల్ సీజనైతే హక్కుల ఒప్పందం గొడవతో సమయానికి మొదలే కాలేదు, కొన్ని క్లబ్బులు జీతాలు ఆపేశాయి. మ్యాచ్‌లు లేకుండా ఖాళీగా ఉన్న ఆటగాళ్లతోనే ఖాలిద్ జమీల్ జాతీయ క్యాంపులు నడపాల్సి వచ్చింది. 2024 జూన్‌లో స్టిమాచ్‌ను తీసేశాక 14 నెలల్లో ఆయన ఈ కుర్చీలో కూర్చున్న రెండో మనిషి.

ఇన్ని ఓటముల మధ్య 2025 నవంబర్ 30న అహ్మదాబాద్‌లో ఒక మ్యాచ్ జరిగింది, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మన అండర్-17 కుర్రాళ్లు ఇరాన్‌ను 2-1తో ఓడించి ఆసియా కప్‌కు అర్హత సాధించారు. సీనియర్లు మూడు గోల్స్ తేడాతో ఓడింది అదే ఇరాన్ చేతిలో, మూడు నెలల ముందే. అంటే పదహారేళ్ల వయసులో తేడా అంత పెద్దది కాదు, ఆ తర్వాతే పెరుగుతోంది. అటువైపు కుర్రాళ్లు పదిహేడు నుంచి ఇరవై ఒకటి దాకా క్లబ్బుల్లో వారం వారం ఆడతారు. అహ్మదాబాద్‌లో గెలిచిన మనవాళ్లు ఆ నాలుగేళ్లు ఎక్కడ ఆడాలన్నది ఫెడరేషన్ ఇంకా తేల్చాల్సి ఉంది.