రస్తాఫరీ మతము: ఒక పరిచయము

బాబ్ మార్లే బొమ్మ ఉన్న చొక్కాలు మన సంఘ యువకులు కూడా వేసుకుంటున్నారు. ఆ జడలు, ఎరుపు పసుపు ఆకుపచ్చ రంగులు ఒక మతమునకు గురుతులని వారికి తెలియదు.

1930 నవంబరు 2న రాస్ తఫారి, హైలే సెలాస్సీ అను పేరుతో ఇథియోపియా చక్రవర్తిగా పట్టాభిషిక్తుడయ్యాడు. జమైకాలోని నల్లజాతి పేదలు కొందరు కీర్తన 68:31 (మన బైబిలులోని కూషు ఇథియోపియాయే), ప్రకటన 5:5 ఆయనకు అన్వయించి, ఆయనే మెస్సీయ అన్నారు. 1933 నాటికి లియోనార్డ్ హోవెల్ దీనిని బహిరంగముగా బోధించాడు. ఆఫ్రికా వారికి సీయోను. తమ పితరులను బానిసలుగా చేసిన పాశ్చాత్య లోకము బబులోను. జడలకు ఆధారము సంఖ్యాకాండము 6:5లోని నాజీరు వ్రతము. గంజాయిని పవిత్రముగా ఎంచుతారు. ఆ మాట అక్కడికి చేరినది మన దేశపు ఒప్పంద కూలీల ద్వారానే! సెలాస్సీ మాత్రము ఇథియోపియా ఆర్థడాక్స్ సంఘస్థుడు. 1975లో ఆయన మరణించాడన్నా అనేకులు నమ్మలేదు.

ఇది మనకు అంత దూరపు సంగతి కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, ఒకప్పుడు బాప్టిస్టులైన కొన్ని మాదిగ కుటుంబాలవారు 1980ల చివర నుండి తాము ఎఫ్రాయిము గోత్రికులమని చెప్పి యూదుల ఆచారాలు చేపట్టారు. ఈ రెండింటినీ దుర్బోధ అని ఒక్క మాటతో తోసివేయుట సులభము. క్రీస్తు దైవత్వము విషయములో నేనూ రాజీపడను. గాని వారు లేఖనములలో తమ వంశమును ఎందుకు వెదకుకొన్నారు? బాప్తిస్మము పొందిన తరువాత కూడా మన సంఘములలో వారిని ఏ పేరుతో పిలిచాము? అపొస్తలుల కార్యములు 8లోని ఐతియొపీయుని గూర్చి నా పరిచర్యలో నేను చేసిన ప్రసంగాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.