ప్రార్థన దడ తగ్గిస్తుంది.. తిట్లను ఆపదు

ఈసీజీ నార్మల్. థైరాయిడ్ నార్మల్. హిమోగ్లోబిన్ కాస్త తక్కువున్నా దడ పుట్టించేంత కాదు. అయినా సాయంత్రం 6 దాటితే చాలు, గుండె గబగబా కొట్టుకుంటుంది. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంటుంది. అరచేతులకు చెమట. మా ఓపీలో ఇలా చెప్పే ఆడవాళ్లు ఏ రోజూ తక్కువుండరు. ‘గ్యాస్ అనుకుంటా మేడమ్’ అంటారు. లేదంటే ‘నరాల బలహీనతేమో, ఒక సెలైన్ పెట్టండి’ అంటారు. సాయంత్రం ఆ వేళకి ఇంట్లో ఏం జరుగుతుందని అడిగితే కాసేపు మాట రాదు. అది భర్త బండి గేటు ముందు ఆగే సమయమని తర్వాత మెల్లగా తెలుస్తుంది.

అతను చెయ్యి చేసుకోడు. అందుకే ఆమె దాన్ని హింస అనుకోదు. కూరకి వంక, పుట్టింటి మీద ఎత్తిపొడుపు, పిల్లల ముందే ‘నీకేం తెలుసు, నోర్మూసుకో’, ఆపైన రోజుల తరబడి మాట్లాడకపోవడం. కొన్ని ఇళ్లలో ఇది అత్తగారి నుంచి, కొన్నిచోట్ల కన్నతండ్రి నుంచి. ఆఫీసులో పై అధికారి వల్ల ఇదే అవస్థ పడే మగవాళ్లూ ఉన్నారు.

వీళ్లలో చాలామంది డాక్టరు కన్నా ముందు దేవుడి దగ్గరికి వెళ్లొచ్చి ఉంటారు. గుడిలో ప్రదక్షిణలు, చర్చిలో ఉపవాస ప్రార్థనలు, దర్గాలో తాయెత్తు. ‘అక్కడ కూర్చున్నంతసేపూ దడ ఉండదు మేడమ్’ అంటారు. ఆ మాటను నేను కొట్టిపారేయను. దానికి ఒంట్లోనే కారణం ఉంది.

ఒంట్లో ఏం జరుగుతుంది?

మెదడులో బాదం గింజంత ఉండే అమిగ్డలా అనే భాగం ప్రమాదాన్ని పసిగడుతుంది. ఆ కబురు హైపోథాలమస్‌కూ, అక్కడి నుంచి కిడ్నీల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులకూ చేరుతుంది. అడ్రినలిన్ క్షణాల్లో, కార్టిసాల్ కొద్ది నిమిషాల్లో రక్తంలో పెరుగుతాయి. గుండె వేగం, బీపీ ఎక్కువవుతాయి. కండరాలు బిగుసుకుంటాయి. అరుగుదల మందగిస్తుంది. దారిలో పాము ఎదురైతే తప్పించుకోవడానికి శరీరం చేసుకున్న ఏర్పాటు ఇది. పాము వెళ్లిపోగానే అన్నీ సర్దుకోవాలి. ఆ పాము రోజూ సాయంత్రం ఇంటికే వస్తుంటే?

అప్పుడు అలారం ఆగదు. కొన్నాళ్లకు మనిషి కూడా అక్కర్లేదు, తాళాల చప్పుడో, ఫోన్ రింగో చాలు. అతను ఊళ్లో లేని రోజున కూడా ఆ వేళకి దడ మొదలవుతుంది. మెడ పట్టేయడం, తలనొప్పి, కడుపులో మంట, తెల్లవారుజామున మెలకువ, నెలసరి క్రమం తప్పడం దీని వెంట వచ్చేవే. భయంలో ఊపిరి వేగంగా తీసేసరికి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లలో, మూతి చుట్టూ తిమ్మిర్లు వస్తాయి. చాలామంది నరాల బలహీనత అనుకునేది దీన్నే. బలం సూదులతో ఇది పోదు.

జపమాల తిప్పితే..

గుండెను నెమ్మదించమని మనం ఆజ్ఞ ఇవ్వలేం. కడుపుకీ చెప్పలేం. ఊపిరి మాత్రం మన మాట వింటుంది. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ నాడి పట్టు పెరిగి గుండె కొద్దిగా నెమ్మదిస్తుంది. ఎంత నిదానంగా వదిలితే అంత మేలు. ఇటలీకి చెందిన లూసియానో బెర్నార్డి బృందం 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం ప్రచురించింది. 23 మంది ఆరోగ్యవంతుల చేత కేథలిక్కుల జపమాల ప్రార్థన, విడిగా ఒక యోగ మంత్రం చెప్పించారు. రెండింటితోనూ శ్వాస నిమిషానికి 6 సార్ల దగ్గరికి దిగింది. మామూలుగా మనం 12 నుంచి 20 సార్లు తీసుకుంటాం. బీపీని సర్దుబాటు చేసే రిఫ్లెక్స్ కూడా మెరుగుపడింది. చిన్న అధ్యయనం, పైగా అందులో ఉన్నది రోగులు కాదు. కాబట్టి జబ్బు నయమవుతుందని దీన్ని బట్టి చెప్పలేం. కానీ ఏ మతం ప్రార్థన అన్నది ఊపిరికి పట్టలేదన్నది నాకు నచ్చిన విషయం. లలితా సహస్రనామమైనా, తస్బీహ్ తిప్పుతూ చేసే దిక్ర్ అయినా, గొంతెత్తి పాడే భజన అయినా ఊపిరిని నిదానంగా వదిలించేవే.

ఇంకోటుంది. సూటిపోటి మాటల ఇంట్లో మనిషి మెల్లగా ఒంటరి అవుతుంది. చుట్టాలు, స్నేహితులు తగ్గిపోతారు. భజన బృందంలోనో, ప్రార్థన కూటంలోనో ‘నిన్న రాలేదేం వదినా?’ అని అడిగే మనిషి ఒకరుంటారు. ఆ పలకరింపు విలువ తక్కువ కాదు.

చేసేవాళ్లు దడ మొదలయ్యే వేళకి ముందే ఓ 10 నిమిషాలు కూర్చోండి. చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన ప్రార్థన అయితే మంచిది. మనసులో కాదు, పైకే అనండి, తొందరపడకుండా. కళ్లు మూసుకుంటే పాత మాటలే గుర్తొచ్చి భయం పెరిగేవాళ్లు కళ్లు తెరిచి దీపాన్ని చూస్తూ, పాదాలు నేలకి ఆనించి చేయండి. అలా కూర్చోవడమూ కష్టమైతే ప్రదక్షిణలు నయం. షుగర్ మందులు వాడేవాళ్లు డాక్టరుని అడగకుండా కటిక ఉపవాసాలు చేయొద్దు.

ఓర్చుకోమనే భక్తి

పొంగే పాల మీద నీళ్లు చిలకరిస్తే దిగుతాయి. కింద మంట అలాగే ఉంటే మళ్లీ పొంగుతాయి. ప్రార్థన దడను దించుతుంది. ఆమె తిరిగి అదే తిట్ల మధ్యకి వెళ్తే ఆ అలారం మళ్లీ మోగుతుంది, మోగాలి కూడా.

నాకు పేచీ ఎక్కడంటే, ‘పూర్వజన్మ కర్మ, ఓర్చుకో’, ‘క్షమించి ప్రార్థన చెయ్యి, ఆయనే మారతాడు’ అనే సలహాల దగ్గర. క్షమించడం, మానడం ఆమె ఇష్టం. తిట్లు సాగుతుండగానే క్షమించమనడం, తిట్టేవాడికి తోడు నిలవడమే. ‘ఇంకా తగ్గలేదంటే నీ విశ్వాసంలోనే లోపం ఉంది’ అని ఎవరైనా అంటే ఆ గడప మళ్లీ తొక్కకండి. ఆ మాట ఇంట్లో రోజూ వింటున్నదే.

మందులు మానేయమనే చోటు కూడా అంతే. ఆందోళనకీ, డిప్రెషన్‌కీ ఇచ్చే చాలా మందుల ప్రభావం తెలియడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. ఈలోపే తాయెత్తు కట్టించుకుని మాత్రలు ఆపేస్తారు. ఉన్నట్టుండి ఆపితే తలతిరుగుడు, చిరాకు, నిద్రలేమి వస్తాయి. నిజానికి రెండూ కలిసి నడవొచ్చు. గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గా దగ్గర ‘దవా, దువా’ పేరుతో మానసిక వైద్యం, ప్రార్థన ఒకేచోట అందించారు. తమిళనాడులోని ఎర్వాడిలో 2001 ఆగస్టులో జరిగింది దీనికి పూర్తి వ్యతిరేకం. దర్గా నమ్మకంతో తెచ్చి, గొలుసులతో కట్టేసిన మానసిక రోగుల్లో 28 మంది అగ్నిప్రమాదంలో చనిపోయారు.

చదువుకున్న కుటుంబాల్లోనూ తెలియని సంగతి ఒకటి. 2005 నాటి గృహహింస చట్టం దెబ్బలనే కాదు, మాటలతో, మానసికంగా వేధించడాన్నీ హింసగానే చెబుతుంది. పిల్లలు పుట్టలేదనో, మగబిడ్డ లేడనో దెప్పడం కూడా అందులో ఉంది. మహిళా హెల్ప్‌లైన్ 181. సఖి వన్‌స్టాప్ సెంటర్లలో కౌన్సెలింగ్, న్యాయసాయం ఉచితం. మనసు విప్పి మాట్లాడటానికి టెలి మానస్ 14416, తెలుగులోనూ పలుకుతారు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రేపటిదాకా ఆగకుండా ఆ రోజే ఫోన్ చేయండి లేదా దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండి.

ఆమెను ఆసుపత్రికి తీసుకొచ్చేవాళ్లకు ఒక మనవి. ఆమెను అడిగిన ప్రశ్నలకు మీరు జవాబు చెప్పకండి. ఒక 5 నిమిషాలు బయట కూర్చోండి.

ఇక దడ అంటే టెన్షనే అని ఇంట్లోనే తీర్మానించేయకండి. మొదట ఈసీజీ, థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించాలి. ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, చల్లటి చెమటలు, ఆయాసం ఉంటే దేవుడి గదిలో కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆడవాళ్లలో గుండెపోటు ఒక్కోసారి ఛాతీ నొప్పి లేకుండా వాంతులు, విపరీతమైన నీరసంతోనే బయటపడుతుంది.