గ్రాజ్ చెప్పే పాఠం, గచ్చిబౌలి అడిగే ప్రశ్న

కంచ అంటే ఏమిటో పల్లెటూరి రైతుకు విడమరచి చెప్పనక్కరలేదు. నాగలి పెట్టకుండా గడ్డికీ, గొడ్డూ గోదా మేతకూ వదిలిపెట్టిన నేల. హైదరాబాదుకు పడమట, శేరిలింగంపల్లి మండలంలో ఉన్న కంచ గచ్చిబౌలి పేరులోనే దాని చరిత్ర ఉంది. ఆ కంచలోని 400 ఎకరాల మీదికి 2025 మార్చి చివరి రోజుల్లో బుల్డోజర్లు వచ్చాయి. నేల చదును చేసి ఐటీ కంపెనీలకు వేలం వెయ్యాలన్నది రాష్ట్ర ప్రభుత్వ ఆలోచన. పక్కనే ఉన్న కేంద్రీయ విశ్వవిద్యాలయం విద్యార్థులు అడ్డం తిరిగారు. వామపక్ష విద్యార్థి సంఘాలు వారిలో కలిసి నడిచాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది.

అప్పటికి శాసనసభలో వామపక్షాల బలం ఎంత? 119 స్థానాలున్న తెలంగాణ సభకు 2023లో జరిగిన ఎన్నికల్లో సీపీఐ గెలిచింది కొత్తగూడెం ఒక్కటే. సీపీఎంకు అదీ లేదు. "ఒక్క సీటు పార్టీలు, వీళ్లతో ఏమవుతుంది?" అని ఎగతాళి చేసేవారికి కొదవ లేదు. నిజంగానే చిన్న పార్టీ ఏం చెయ్యగలదు? జవాబు వెతకాలంటే ముందు ఈ నేల కథ తెలుసుకోవాలి.

గుంట నాలుగు కోట్లు!

మాదాపూర్, కొండాపూర్, రాయదుర్గం, నానక్‌రాంగూడ, కోకాపేట - ఇవాళ అద్దాల మేడల పేర్లుగా వినిపిస్తున్న ఇవన్నీ నిన్నటి వూళ్లే. రాతిగుట్టలు, చెరువులు, వాన పడితే పండే ఖుష్కి భూములు. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను నాటి ప్రధాని వాజపేయి ప్రారంభించారు. 2001లో సైబరాబాద్ అభివృద్ధి సంస్థ ఏర్పడింది. అప్పటినుంచి భూమి పంట పండించడం మానేసి ధర పండించడం మొదలుపెట్టింది. 2023 ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వం వేసిన వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షల దాకా పోయింది. 2025 అక్టోబరులో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లు పలికింది. రైతు లెక్కలో చెప్పుకుంటే గుంట నాలుగు కోట్ల పైమాట!

మరి ఈ ధరలో ఆ నేలను నమ్ముకున్న వాడి వాటా ఎంత?

ఈ ప్రాంతంలో భూమి లేని పేదలకు సర్కారు భూమి లావుణి పట్టా కింద దక్కింది. పేదవాడి భూమి షావుకారు పాలు కాకూడదని 1977లో చట్టం చేసి, అసైన్డు భూముల అమ్మకాలను నిషేధించారు. చట్టం ఉద్దేశం మంచిదే. కానీ పేదవాడు అమ్ముకోరాని ఆ భూమినే ప్రజా ప్రయోజనం పేరు చెప్పి సర్కారు వెనక్కి తీసుకోవచ్చు. పట్టా భూమికి ఇచ్చినట్టు మార్కెట్ ధర ప్రకారం వీటికీ పరిహారం ఇవ్వాల్సిందేనని హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పేసరికి 2004 వచ్చింది. అప్పటికి సైబర్ టవర్స్ లేచి ఆరేళ్లు. ఈ సందు చూసుకునే దళారి దిగుతాడు. "సర్కారు ఎట్లాగూ గుంజుకుంటది, ఇప్పుడే ఎంతో కొంతకు ఇచ్చెయ్" అని భయపెట్టి కాగితం రాయించుకుంటాడు. పేదవాడు అమ్మితే నేరం, పెద్దవాడు కొంటే క్రమబద్ధీకరణ!

కంచ గచ్చిబౌలిలోని ఆ 400 ఎకరాలనే 2003లో ప్రభుత్వం ఒక క్రీడల కంపెనీకి కట్టబెట్టింది. 2006లో మరో ప్రభుత్వం ఆ కేటాయింపు రద్దు చేసింది. కోర్టుల్లో వ్యాజ్యం 2024 దాకా సాగి చివరికి సర్కారే గెలిచింది. ప్రజల భూమి ప్రజలకు దక్కిందని సంతోషించేలోపే వేలం మాట వినబడింది. ప్రభుత్వాలు మారాయి. భూమిని అమ్ముకుని ఖజానా నింపుకునే పద్ధతి మాత్రం మారలేదు.

పెద్దది చిన్నదైన వైనం

ఈ గడ్డ మీద కమ్యూనిస్టు పార్టీ పుట్టుకతో చిన్నది కాదు. 1946-51 సాయుధ పోరాటంలో మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచినట్టు పార్టీ చరిత్ర చెబుతుంది. నిషేధం వల్ల 1952లో పీడీఎఫ్ పేరుతో పోటీ చేసినా హైదరాబాదు శాసనసభలో 42 స్థానాలు వచ్చాయి. నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూను మించిన ఓట్లతో పార్లమెంటుకు వెళ్లారు.

ఆ తర్వాత చీలికలు వచ్చాయి. అంతకన్నా పెద్ద మార్పు మరొకటి జరిగింది. దున్నేవాడు పల్లె విడిచాడు. పాలమూరు కూలీ సైబరాబాద్ మేడలకు ఇటుక మోశాడు. అతడి భార్య అపార్టుమెంట్లలో అంట్లు తోమింది. రైతు కూలీ సంఘం పల్లెలోనే ఉండిపోయింది. తెల్లవారి అడ్డా మీద నిలబడ్డ కూలీ దగ్గరికి అంతే బలంతో రాలేకపోయింది. ఈ మాట మనలో మనం ఒప్పుకోవాలి.

వచ్చిన చోట ఆనవాళ్లు మిగిలాయి. జగద్గిరిగుట్టలో మఖ్దూం నగర్, మియాపూర్‌లో స్టాలిన్ నగర్ - ఈ బస్తీల పేర్లు ఎవరి జ్ఞాపకాలో చెప్పనక్కరలేదు. 2007లో భూమికోసం, ఇళ్ల జాగాల కోసం వామపక్షాలు రాష్ట్రమంతటా కదిలాయి. జూలై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో పోలీసు కాల్పులకు ఏడుగురు బలయ్యారు.

ఆస్ట్రియాలో ఒక చిన్న పార్టీ

ఇప్పుడు ఐరోపా వైపు చూద్దాం. ఆస్ట్రియా సంపన్న దేశం. అక్కడి కమ్యూనిస్టు పార్టీ 1959లో పార్లమెంటులో స్థానం కోల్పోయింది. 2024 ఎన్నికల్లోనూ వచ్చిన ఓట్లు నూటికి రెండున్నర లోపే. కానీ ఆ దేశపు రెండో పెద్ద నగరం గ్రాజ్‌లో 2021 సెప్టెంబరు ఎన్నికల్లో అదే పార్టీ 28.8 శాతం ఓట్లతో మొదటి స్థానం సాధించింది. ఎల్కే కార్ అనే కమ్యూనిస్టు మహిళ మేయరయ్యారు.

ఇదేమీ గాలివాటం గెలుపు కాదు. ఎర్నెస్ట్ కల్టెనెగర్ అనే నాయకుడి కాలంలో పార్టీ కిరాయిదార్ల కోసం ఒక ఫోను నంబరు పెట్టింది. ఇంటి యజమాని అన్యాయంగా ఖాళీ చేయిస్తున్నా, అద్దె మోపెడు పెంచినా ఆ నంబరుకు ఫోను చెయ్యవచ్చు. లాయరు సలహా దొరుకుతుంది. నగరపాలక ఇళ్ల అద్దె కుటుంబ ఆదాయంలో మూడో వంతు మించరాదని పార్టీ పోరాడింది. ఆ ఇళ్లను అమ్మెయ్యబోతే జనాభిప్రాయం కూడగట్టి అడ్డుకుంది. ఎన్నికైనవారు కార్మికుడి జీతమంత వుంచుకుని మిగతాది కష్టాల్లో వున్నవారికి ఇస్తారు. ఆ లెక్కలు ఏటా జనం ముందు పెడతారు. అన్నీ చేస్తామని చెప్పలేదు. ఇల్లు అనే ఒక్క సమస్యను పట్టుకుని, ముప్పై ఏళ్లు వదల్లేదు.

గ్రాజ్ గ్రాజే, గచ్చిబౌలి గచ్చిబౌలే. అక్కడ కాపాడుకోవడానికి నగరపాలక ఇళ్లున్నాయి. ఇక్కడ కాపాడుకోవలసింది సర్కారు భూమి. కానీ పని పద్ధతి మనకూ పనికొస్తుంది.

లావుణి పట్టా పోయినవాళ్ల పాత పహాణీలు, నోటీసులు ఎవరు చదివి పెడుతున్నారు? పరిహారం దరఖాస్తు ఎవరు రాసిపెడుతున్నారు? అడ్డా కూలీకి కూలి ఎగ్గొట్టిన మేస్త్రీ దగ్గరికి వెంట ఎవరు వెళుతున్నారు? గుంట నాలుగు కోట్లకు అమ్మే ప్రభుత్వాన్ని, ఆ మేడలు కట్టినవాడికీ, ఊడ్చేవాడికీ అదే భూమిలో ఎన్ని ఇళ్లు కట్టావని ఎవరు నిలదీస్తున్నారు? సర్కారు భూమి అమ్మరాదు, అందులో శ్రమజీవి ఇంటికి వాటా ఉండాలి - ఈ ఒక్క కోరిక చుట్టూ పల్లె రైతూ, బస్తీ కూలీ ఒకటి కావచ్చు.

కంచ గచ్చిబౌలిలో బుల్డోజర్లను ఆపించింది సీట్ల బలం కాదు, అడ్డంగా నిలబడ్డ మనుషులు, వారి వెంట నడిచిన సంఘాలు. పార్టీ చిన్నదైతే కావచ్చు. పట్టుకున్న ప్రశ్న మాత్రం చిన్నది కారాదు, పట్టు సడలరాదు. దున్నేవాడికే భూమి అన్న నినాదానికి సైబరాబాద్‌లో మరొక పాదం చేర్చాలి: కట్టేవాడికే ఇల్లు!