చల్లని పెట్టెలో కొండ కూజా మొక్కలు

ఉష్ణమండలము అనగానే మండుటెండలు, ఉక్కపోత స్ఫురించును. భూమధ్యరేఖకు సమీపమున పుట్టిన మొక్కకు ఎంత వేడి యున్న అంత మేలని తలచుట సహజము. కాని ఈ భావన వలననే కొన్ని అపురూపమైన మొక్కలు ఒకప్పుడు ఐరోపా తోటలలో నశించినవి. అవియే కొండ కూజా మొక్కలు.

కూజా మొక్కల ప్రజాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు నెపెంథిస్. ఇందులో 160కి పైగా జాతులు కలవు. పశ్చిమమున మడగాస్కర్ మొదలు తూర్పున న్యూ కాలెడోనియా వరకు ఇవి వ్యాపించి యున్నవి. బోర్నియో, సుమత్రా, ఫిలిప్పీన్స్ దీవులు వీనికి ముఖ్య నివాసములు. ఆకు కొన నుండి నులితీగ బయలుదేరి, దాని చివర మూత గల కూజా ఏర్పడును. కూజా అంచు నున్నగా, తడిగా ఉండుటచే దానిపై వ్రాలిన పురుగు జారి లోపలి ద్రవములో పడును. ఆ ద్రవములోని ఎంజైములు పురుగును జీర్ణము చేయును. నత్రజని కొరత గల నేలలో మొక్క తన లోటును ఇట్లు తీర్చుకొనును.

పెంచువారు ఈ జాతులను రెండు తరగతులుగా విభజింతురు. సముద్రమట్టమునకు సుమారు 1000 మీటర్ల లోపున పెరుగునవి పల్లపు జాతులు. అంతకు పైన పెరుగునవి కొండ జాతులు. తేమ గల పర్వతములపై ప్రతి 1000 మీటర్ల ఎత్తునకు ఉష్ణోగ్రత సుమారు 5 లేక 6 డిగ్రీల సెంటీగ్రేడు తగ్గును. బోర్నియో తీరమున సగటు ఉష్ణోగ్రత 27 డిగ్రీలున్నచో, 2000 మీటర్ల ఎత్తున అది 15 నుండి 17 డిగ్రీలు మాత్రమే. రాత్రులు ఇంకను చల్లగా ఉండును.

కొండ జాతులలో ప్రసిద్ధమైనది నెపెంథిస్ రాజా. దీని కూజాలో 3 లీటర్ల నీరు పట్టును. బోర్నియోలోని కినబాలు పర్వతముపై 1858లో హ్యూ లో దీనిని సేకరించెను. మరుసటి సంవత్సరము జోసెఫ్ హుకర్ దీనిని వర్ణించి పేరిడెను. 1878లో బర్బిడ్జ్ అను సేకర్త దీని విత్తనములను ఇంగ్లండులోని వీచ్ నర్సరీ కొరకు సేకరించెను. ధనవంతులు ఈ మొక్కపై మిక్కిలి మోజుపడిరి. కాని 1905 నాటికి ఆ నర్సరీలో ఒక్క మొక్కయు మిగులలేదు. వేడి అద్దపు గృహములు పల్లపు జాతులకు సరిపోయినవి గాని, కొండ జాతుల అవసరములు అప్పటివారికి అంతుపట్టలేదు.

చల్లని రాత్రి మొక్కకు ఏల అవసరము? పగలు వెలుతురులో మొక్క కిరణజన్య సంయోగక్రియ ద్వారా పిండిపదార్థములను తయారు చేసికొనును. శ్వాసక్రియ మాత్రము రేయింబవళ్లు సాగుచు ఆ పదార్థములను ఖర్చు చేయును. సాధారణముగా ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినచో శ్వాసక్రియ వేగము దాదాపు రెట్టింపగును. కావున పగటి సంపాదనలో ఎక్కువ భాగము వెచ్చని రాత్రి హరించిపోవును. చల్లని రాత్రులకు అలవాటుపడిన మొక్క ఈ ఖర్చునకు తట్టుకొనలేదు. క్రొత్త ఆకులు క్రమముగా చిన్నవగును. కూజాలు ఏర్పడుట మానును. చివరకు మొక్క క్షీణించును.

కొండ రాత్రిని మైదానములో కల్పించుటకు చల్లని పెట్టె కావలెను. బీరువా అంత పెట్టె చాలును. కొందరు పాత డీప్ ఫ్రీజరును ఇందుకు వాడుదురు. దాని గోడలు వెలుపలి ఉష్ణమును సులభముగా లోనికి రానీయవు. శీతలీకరణ యంత్రములోని ద్రవము ఆవిరియగునపుడు పెట్టెలోని ఉష్ణమును గ్రహించును. ఆ ఆవిరిని మరల నొక్కి ద్రవముగా మార్చునపుడు అదే ఉష్ణము బయటికి వచ్చును. అందుచే యంత్రపు వేడి భాగము పెట్టెకు వెలుపల, గాలి ధారాళముగా వీచుచోట ఉండవలెను. పగలు 22 నుండి 25 డిగ్రీలు, రాత్రి 10 నుండి 13 డిగ్రీలు ఉండునట్లు థర్మోస్టాటును, టైమరును అమర్తురు.

ఇచ్చట ఒక చిక్కు కలదు. 25 డిగ్రీల వద్ద ఒక ఘనమీటరు గాలిలో సుమారు 23 గ్రాముల నీటి ఆవిరి ఇమిడియుండగలదు. 12 డిగ్రీల వద్ద సుమారు 11 గ్రాములే. కొండపై గాలి చల్లబడినపుడు ఎక్కువైన ఆవిరి పొగమంచుగా మారి ఆకులను తడుపును. పెట్టెలో అట్లు కాదు. అది అన్నిటికంటె చల్లనైన యంత్రపు గొట్టములపై నీటిబొట్లుగా చేరి కారిపోవును. ఫ్రిజ్‌లో విప్పి ఉంచిన ఆకుకూర వాడిపోవుటకు కారణ మిదియే. కావున గొట్టములు చిన్నవై మిక్కిలి చల్లగా ఉండుటకంటె, పెద్దవై పెట్టెలోని గాలికంటె కొద్దిగా మాత్రమే చల్లగా ఉండుట మేలు. ఇందుకై కొందరు నీటిని చల్లబరచి, కారు రేడియేటరు వంటి దాని గుండా ప్రవహింపజేసి, చిన్న ఫ్యానుతో గాలిని దానిపైకి పంపుదురు. తగ్గిన తేమను సన్నని తుంపరలతో పూరింతురు.

భూమధ్యరేఖ వద్ద పగలు రాత్రి దాదాపు సమానము గనుక దీపములను రోజునకు 12 గంటలు వెలిగింతురు. ఎల్.ఇ.డి. దీపములు కూడ కొంత వేడిని వెలువరించును గనుక వానిని అద్దపు పలకకు పైన అమర్చుట మంచిది. వేళ్లకు స్ఫాగ్నమ్ నాచు, పెర్లైటు కలిపిన తేలికైన ఆధారము కావలెను. పోయు నీరు వర్షపు నీరో, లవణములు తొలగించిన నీరో కావలెను. గాలి కదలనిచో బూజు పట్టును.

విద్యుత్తు నిలిచినచో ఏమి చేయవలెను? ఒకటి రెండు వెచ్చని రాత్రులను అనేక జాతులు సహించును. ముందుగా గడ్డకట్టించిన నీటి సీసాలను పెట్టెలో ఉంచిన ఇంకను మంచిది. ఒక కిలో మంచుగడ్డ కరుగుటకు సుమారు 334 కిలోజౌళ్ల ఉష్ణమును గ్రహించును.

ఇంత శ్రమ వినోదము కొరకేనా? నెపెంథిస్ రాజా కినబాలుపైనను, దాని ప్రక్కనున్న తంబుయుకోన్ పర్వతముపైనను తప్ప మరెక్కడను సహజముగా పెరుగదు. తంబుయుకోన్ ఎత్తు 2579 మీటర్లు మాత్రమే. భూగోళము వేడెక్కిన కొలది చల్లదనము పైకి జరుగును; దానితో పాటు మొక్కలు కూడ పైకి జరుగవలెను. కాని శిఖరమును దాటిన పిమ్మట పోవుటకు చోటు లేదు. భారతదేశములో సహజముగా పెరుగు ఏకైక జాతి మేఘాలయ కొండలలోని నెపెంథిస్ ఖాసియానా. ఇదియు అరుదైపోవుచున్నది. దీని రక్షణకై దక్షిణ గారో కొండలలోని బాఘ్‌మారా వద్ద ఒక అభయారణ్యము కలదు. అంతర్జాతీయ వ్యాపారమును నియంత్రించు సైటిస్ ఒప్పందము ఈ రెండు జాతులను మొదటి అనుబంధములో చేర్చి, అడవి మొక్కల వ్యాపారమును నిషేధించినది.

ఈనాడు నెపెంథిస్ రాజాను కణజాల వర్ధనము ద్వారా ప్రయోగశాలలలో వృద్ధి చేయుచున్నారు. ఇట్లు పుట్టిన మొక్కలు దొరకుటచే అడవి మొక్కలను పెరుకవలసిన అవసరము తగ్గును. చల్లని పెట్టె వానిని బ్రతికించును గాని కొండను సృష్టింపజాలదు. ఆ మొక్కతో ముడిపడిన పురుగులు, దాని కూజా మూతపై తేనెను నాకవచ్చి అందులోనే రెట్టవేసి నత్రజని నిచ్చు కొండ ట్రీష్రూలు పెట్టెలో ఉండవు. కావున పెట్టె అడవికి తోడే కాని బదులు కాదు.

ఉపాధ్యాయులు ఈ పాఠమును మొక్క లేకయే బోధింపవచ్చును. పాఠశాలలో గరిష్ఠ కనిష్ఠ ఉష్ణమాపకముతో ఒక నెల కొలతలు తీయించి, తమ ఊరి కనిష్ఠ ఉష్ణోగ్రత కినబాలు రాత్రికంటె ఎన్ని డిగ్రీలు ఎక్కువో విద్యార్థులచే లెక్క కట్టించవలెను. మొక్క ఏ దేశమున పుట్టినదను ప్రశ్నతో పాటు ఎంత ఎత్తున పుట్టినదని కూడ అడుగవలెనని వారికి అప్పుడు తెలియగలదు.