ఇంటి బల్లి: క్షేత్ర పరిశీలన

జంతు ప్రవర్తనను పరిశీలించడానికి అడవికే వెళ్లనక్కరలేదు. ఉద్యోగం చేసుకుంటూ చదువుతున్న మీకు సాయంత్రం ఒక అరగంట, వరండాలో ఒక ట్యూబులైటు చాలు. మన పట్టణాల ఇళ్లలో కనిపించే బల్లులు ఎక్కువగా హెమిడాక్టైలస్ ప్రజాతికి చెందినవి. మనం పెంచకుండానే మన గోడల మీద బతుకుతున్న వన్యజీవులివి.

మొదటి రోజే ఒక విషయం గమనిస్తారు. బల్లి కదిలే సమయం కంటే కదలకుండా ఉండే సమయమే ఎక్కువ. మాటు వేసి పట్టడం దాని వేట పద్ధతి. దానికి కదిలే కనురెప్పలు లేవు; కంటిని నాలుకతో తుడుచుకుంటుంది.

దీపం దగ్గర చోటు కోసం పెద్ద బల్లి చిన్నదాన్ని తరమడం కూడా చూడవచ్చు. అప్పుడు మీ నోటుపుస్తకంలో 'కోపంతో తరిమింది' అని రాయకండి. '7.42కి పెద్దది చిన్నదాని వైపు పరుగెత్తింది. చిన్నది కిటికీ వెనక్కి పోయింది' అని రాయండి. మీరు చూసింది పరుగును, కోపాన్ని కాదు. మా విద్యార్థుల రికార్డుల్లో మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే.

బల్లి పలికితే 'సత్యం' అనడం మన ఇళ్లలో అలవాటు. మీరు మాత్రం అది ఎక్కడి నుంచి పలికింది, ఎన్నిసార్లు పలికింది, దగ్గరలో ఇంకో బల్లి ఉందా అని చూడండి. ఆ పలుకు సాటి బల్లులకు సంకేతం. పంచాంగంలో బల్లి మీద పడితే కలిగే ఫలితాలకు పెద్ద పట్టికే ఉంటుంది. అసలు అది సాధారణంగా పడిపోకపోవడమే ఎక్కువ ఆశ్చర్యం. వేళ్ల అడుగున ఉన్న లక్షలాది సూక్ష్మకేశాలకూ గోడకూ మధ్య వాండర్ వాల్స్ ఆకర్షణ పనిచేస్తుంది. జిగురేమీ ఉండదు.

ఇంట్లో పెద్దవాళ్లు విషమని భయపడితే, బల్లికి విషగ్రంథులు లేవని చెప్పండి. అయితే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండవచ్చు కాబట్టి అది పడిన ఆహారం పారేయవలసిందే. చీపురుతో అదిలించనివ్వకండి. బెదిరితే బల్లి తోక వదిలేస్తుంది. కొవ్వు నిల్వ ఉండేది ఆ తోకలోనే. మళ్లీ పెరిగిన తోకలో వెన్నుపూసలకు బదులు మృదులాస్థి ఉంటుంది. పైగా ఆ సాయంత్రం మీరు నమోదు చేసేది సహజ ప్రవర్తన కాదు, చీపురుకు ప్రతిస్పందన. రెండు మీటర్ల దూరంలో కూర్చోండి, టార్చి దాని మీద వేయకండి.

బల్లి వచ్చేది దీపం కోసం కాదు, పురుగుల కోసం అంటాం. దీన్ని మీరే సరిచూడవచ్చు. వారం రోజులు ఒకే వేళకు కూర్చుని, ప్రతి పది నిమిషాలకూ దీపం చుట్టూ ఉన్న పురుగులనూ బల్లులనూ వేర్వేరుగా లెక్కించండి. వాన పడిన రోజును ప్రత్యేకంగా గుర్తు పెట్టండి.