52 లక్షల కిలోమీటర్లు నడిచిన కారు

న్యూయార్క్ పక్కనే ఉన్న లాంగ్ ఐలండ్‌లో ఇర్వ్ గోర్డన్ అనే సైన్సు మాస్టారు 1966 జూన్ 30న ఒక ఎర్ర కారు కొన్నారు. వోల్వో పీ1800ఎస్. ధర 4,150 డాలర్లు, ఆయనకు ఇంచుమించు ఏడాది జీతం. బండి చేతికొచ్చిన రెండు రోజుల్లోనే 1,500 మైళ్లు తిప్పి మొదటి సర్వీసింగుకు తీసుకొచ్చారు. ఆ తర్వాత ఇంటి నుంచి బడికి, బడి నుంచి ఇంటికి రోజుకు 125 మైళ్లు, అంటే 200 కిలోమీటర్లు. సెలవులొస్తే ఇంకా దూరం.

1987లో ఆ కారు 10 లక్షల మైళ్లు దాటింది. 1998లో 16.9 లక్షల మైళ్ల దగ్గర గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. ఒకే యజమాని సొంతానికి వాడుకున్న కార్లలో అంత దూరం నడిచింది మరొకటి లేదు. 2002లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో 20 లక్షలు, 2013 సెప్టెంబరు 18న అలాస్కాలో 30 లక్షలు. 2018 నవంబరులో గోర్డన్ కన్నుమూసే నాటికి 32 లక్షల మైళ్లు పైచిలుకు తిరిగింది. మన లెక్కలో దాదాపు 52 లక్షల కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి విజయవాడకు ఇంచుమించు 19 వేల సార్లు వెళ్లినంత దూరం.

మన దగ్గర లక్ష దాటిన కారును చూసి జనం సందేహిస్తారు. రెండు లక్షలు దాటితే అమ్మేయమంటారు. లక్ష కిలోమీటర్లు ఎలా నడిచిందో అడిగేవాళ్లు తక్కువ. ఈ ఎర్ర కారు కథలో తెలుసుకోవలసింది సరిగ్గా అదే.

పీ1800 పుట్టుకే కాస్త చిక్కుగా జరిగింది. స్వీడన్‌లో వోల్వో అధినేత గున్నార్ ఎంగెలౌ తన కంపెనీకి ఇటలీ అందం ఉన్న స్పోర్ట్స్ కారు కావాలనుకున్నారు. ఇటలీ నుంచి వచ్చిన నమూనాల్లోంచి ఒకటి ఎంచుకున్నారు. దాన్ని గీసింది పెల్లే పెటర్సన్ అనే స్వీడన్ కుర్రాడు, వోల్వోకే సలహాదారుగా ఉన్న హెల్మెర్ పెటర్సన్ కొడుకు. సంగతి తెలిశాక ఎంగెలౌకు బాగా కోపం వచ్చింది, కానీ డిజైను మాత్రం మారలేదు. ఆ కుర్రాడు తర్వాత పడవ పందేల్లో స్వీడన్‌కు ఒలింపిక్ పతకాలు కూడా తెచ్చాడు. 1960లో బ్రసెల్స్ మోటారు ప్రదర్శనలో కారును చూపించారు. మొదట ఇంగ్లండులో జెన్సెన్ కంపెనీ చేత తయారు చేయించారు. నాణ్యత నచ్చక 1963లో పనిని స్వీడన్‌కు, గోథెన్‌బర్గ్‌కు మార్చుకున్నారు. పేరు చివర ‘ఎస్’ అప్పుడే చేరింది.

పైకి సోకుగా కనిపించే ఆ కారులో ఇంజను మాత్రం మొరటుది. బీ18 అంటారు. 1.8 లీటర్లు, నాలుగు సిలిండర్లు, పోత ఇనుము బ్లాకు. దీనికి ముందు వచ్చిన బీ16 ఇంజనులో క్రాంక్ షాఫ్టును మూడు మెయిన్ బేరింగులు మోసేవి, ఇందులో అయిదు పెట్టారు. ఆధారాలు దగ్గర దగ్గరగా ఉండటంతో షాఫ్టు వంగడం, అదరడం తగ్గింది, ఒక్కో బేరింగు మీద పడే భారమూ తగ్గింది. క్యామ్ షాఫ్టును తిప్పేది గేర్లు, తెగడానికి బెల్టే లేదు. బానెట్ ఎత్తితే ప్రతిదీ చేతికందుతుంది. ఎక్కువకాలం నడవాలంటే బండికి బలం ఎంత అవసరమో, విప్పి బిగించే వీలూ అంతే అవసరం. మన అంబాసిడర్ అన్ని దశాబ్దాలు రోడ్ల మీద బతికింది చాలావరకు ఆ వీలు వల్లనే.

అయినా అదే బీ18 ఇంజనుతో వోల్వో లక్షల కార్లు అమ్మింది. వాటిలో మరొకటి ఏదీ 52 లక్షల కిలోమీటర్లు చూడలేదు. తేడా యజమాని దగ్గర ఉంది. ఎన్నిసార్లు ఎవరడిగినా గోర్డన్ ఒకటే మాట చెప్పేవారు, కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఏముందో అది చేశానని. ఆయిల్ 3,000 నుంచి 3,500 మైళ్లకు, అంటే 5,000 కిలోమీటర్లకు అటూఇటూగా మార్చేవారు. ఆ లెక్కన జీవితకాలంలో దాదాపు వెయ్యి సార్లు మార్చి ఉంటారు. కొత్త చప్పుడు వినిపిస్తే దాని సంగతి వెంటనే తేల్చుకునేవారు.

ఆయిల్ మార్చడం అందరికీ తెలిసిన పనే. అది లోపల ఏం చేస్తుందో తెలిస్తే ఎవరూ వాయిదా వేయరు.

నడుస్తున్న ఇంజనులో క్రాంక్ షాఫ్టు బేరింగును రాసుకుంటూ తిరగదు. తిరిగే షాఫ్టు ఆయిల్‌ను తనతో పాటు సన్నటి సందులోకి లాక్కుంటుంది. అక్కడ పుట్టే ఒత్తిడికి షాఫ్టు పైకి లేచి ఆయిల్ మీద తేలుతుంది. ఆ పొర మందం కొన్ని మైక్రాన్లే, తల వెంట్రుకేమో 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. పొర ఉన్నంతసేపు లోహం లోహాన్ని తాకదు, అరుగుదల దాదాపు ఉండదు. రాత్రంతా నిలిపిన బండికి పొద్దున్నే సెల్ఫ్ కొట్టిన మొదటి క్షణాల్లో ఆ పొర ఇంకా ఏర్పడి ఉండదు. ఇంజను ఎక్కువగా అరిగేది అప్పుడే. చల్లటి ఇంజనును స్టార్టు చేయగానే యాక్సిలరేటరు తొక్కి రేజ్ చేసే అలవాటు ఎంత చేటో దీన్నిబట్టి తెలుస్తుంది.

సిలిండరులో మండిన ప్రతిసారీ కొంత వాయువు పిస్టన్ రింగుల పక్కనుంచి జారి కింద ఆయిల్ ఉన్న చోటికి దిగుతుంది. దాంతో పాటు మసి, నీటి ఆవిరి, కాలని ఇంధనం, ఆమ్లాలు వస్తాయి. ఆయిల్ నల్లబడితే పాడైందని చాలామంది అనుకుంటారు. నిజానికి మసిని గడ్డ కట్టనీయకుండా తనలో తేలుతూ ఉంచడం మంచి ఆయిల్ చేయాల్సిన పనే. డీజిల్ బండిలో పోసిన కొత్త ఆయిల్ కొద్ది రోజులకే నల్లబడుతుంది, దానికి కంగారు పడక్కర్లేదు. ప్రమాదం కంటికి కనిపించని చోట ఉంది. మసిని పట్టి ఉంచే రసాయనాలు, ఆమ్లాన్ని విరిచేవి, రాపిడి పడే చోట పల్చటి పూతగా కూర్చునే జింకు, భాస్వరం సమ్మేళనం, ఇవన్నీ కొద్దికొద్దిగా ఖర్చయిపోతాయి. వేడిలో చిక్కదనం పోకుండా కాపాడే పాలిమర్లు గేర్ల మధ్య నలిగి తెగిపోతాయి. అవి అయిపోయాక మిగిలింది డిప్ స్టిక్ మీద నిండుగానే కనిపిస్తుంది, పని మాత్రం చేయదు. మసి జిగటగా గడ్డకట్టి సన్నటి ఆయిల్ దారులను మూసేస్తుంది. ఒకనాడు హైవే మీద ఇంజను పట్టేస్తుంది.

లక్షన్నర, రెండు లక్షలు నడిచిన ఇంజను కొంచెం ఆయిల్ తాగడం సహజం. రింగులు, వాల్వు సీళ్లు అరిగి ఉంటాయి. పుస్తకంలో 10,000 కిలోమీటర్లకు ఆయిల్ మార్చమని ఉంది కదా అని అప్పటిదాకా డిప్ స్టిక్ తీసి చూడకపోతే మధ్యలోనే మట్టం ప్రమాదకరంగా పడిపోవచ్చు. సైలెన్సరు నుంచి నీలం పొగ వస్తుంటే ఆయిల్ కాలుతోందన్నమాట. ‘బోరుకొచ్చింది’ అని మెకానిక్ చెప్పేసరికి చాలాకాలంగా ఆ పొగ కనిపిస్తూనే ఉండి ఉంటుంది. ఆయిల్ మూత విప్పి లోపలి వైపు చూడటం మరో మంచి పరీక్ష. అక్కడ పాలు కలిసిన కాఫీ రంగులో నురగ పేరుకుంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయి. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో అది ఆరని ఆవిరి కావచ్చు. కూలెంటు కూడా తగ్గుతూ ఉంటే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే అనుకుని షెడ్డుకు తీసుకెళ్లాలి.

గోర్డన్‌కు ఒక అనుకూలం ఉంది. రోజుకు 200 కిలోమీటర్లంటే ఇంజను పూర్తిగా వేడెక్కి, ఆయిల్‌లో చేరిన తేమ, ఇంధనం ఆవిరైపోతాయి. అంత దూరానికి చల్లటి స్టార్టులు తక్కువ, క్లచ్చు, గేర్ల పని తక్కువ. అమీర్‌పేటలోనో బెంజి సర్కిల్ దగ్గరో ట్రాఫిక్‌లో నలిగే కారుకు 20 వేల కిలోమీటర్లు, హైవే మీద సాగిపోయే కారుకు 60 వేలతో సమానమన్నా తప్పులేదు. అందుకే చాలా కంపెనీల పుస్తకాల్లో కఠినమైన వాడకానికి సర్వీసు గడువులు విడిగా, తక్కువగా రాసి ఉంటాయి. మన ఎండ, దుమ్ము, ట్రాఫిక్ ఆ కోవలోకే వస్తాయి. మన యజమానులు చదవాల్సిన పేజీ అదే, చాలామంది తిప్పేసేదీ అదే.

6,80,000 మైళ్ల దగ్గర, అంటే దాదాపు 11 లక్షల కిలోమీటర్లకు, గోర్డన్ ఇంజనును మొదటిసారి విప్పించి రీబిల్డ్ చేయించారు. బ్లాకు అదే. దీనికి పక్కన పెట్టి చూడదగ్గ బండి గ్రీసు దేశంలో ఉండేది. థెస్సలొనీకి నగరంలో గ్రిగోరియోస్ సాకినిడిస్ అనే టాక్సీ డ్రైవరు 1976 మోడల్ మెర్సిడెస్ 240డీని సెకండ్ హ్యాండులో కొని 46 లక్షల కిలోమీటర్లు నడిపారు. 2004లో దాన్ని కంపెనీ మ్యూజియానికి ఇచ్చేశారు. ఆ టాక్సీకి ఇంజన్లను మార్చి మార్చి వాడారు. ఒకటి నడుస్తుంటే మరొకటి బాగుచేయించుకునే పద్ధతి, టాక్సీకి సరిగ్గా సరిపోయింది. ఇద్దరూ బాగుచేయించడానికి బండి చెడిపోయేదాకా ఆగలేదు.

ఆయిల్ తర్వాత అంతగా నిర్లక్ష్యానికి గురయ్యేవి నీళ్లు. రేడియేటరులో బోరు నీళ్లు పోయడం మన దగ్గర ఇప్పటికీ మామూలే. తెలంగాణలో, రాయలసీమలో బోరు నీళ్లు చాలాచోట్ల కఠిన జలాలు. మరిగే కొద్దీ సున్నపు పొర లోపలి గోడలకు పట్టుకుంటుంది, అది వేడిని బయటికి పోనివ్వదు. శుద్ధ జలం, ఇథిలీన్ గ్లైకాల్, తుప్పు నిరోధకాలు కలిసిన కూలెంటు మంచు దేశాల కోసమే అనుకుంటే పొరపాటు. అది మరిగే ఉష్ణోగ్రతను పెంచుతుంది, అల్యూమినియం హెడ్డును తినేయకుండా కాపాడుతుంది. తుప్పు నిరోధకాలు కూడా ఖర్చయ్యేవే, కాబట్టి కూలెంటునూ గడువుకు మార్చాలి.

ఇంకో దురలవాటు గురించి గట్టిగా చెప్పాలి. బండి వేడెక్కుతోందంటే కొన్ని షెడ్లలో థర్మోస్టాట్ వాల్వు పీకి పారేస్తారు. ఉష్ణోగ్రత చూపే ముల్లు కిందికి దిగుతుంది, యజమాని సంతోషిస్తాడు. అప్పటినుంచి ఇంజను ఎప్పుడూ సరైన వేడికి చేరదు. మైలేజీ పడిపోతుంది, ఆయిల్‌లో తేమ పేరుకుంటుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. వేడెక్కడానికి అసలు కారణం పూడుకున్న రేడియేటరో, రబ్బరు ఎండిపోయిన రేడియేటరు మూతో అయి ఉంటుంది. ఆ మూత లోపల ఒత్తిడిని నిలిపితేనే కూలెంటు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. కొన్ని వందల రూపాయల మూత మార్చనందుకు హెడ్డు వంగిపోయిన బండ్లు షెడ్లలో ఎన్నో.

బ్రేకు ఆయిల్ సంగతి మరీ చాలామందికి తెలియదు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీలకు గాని మరగకూడదని ప్రమాణం, తేమ పట్టాక అది 140 డిగ్రీలకు పడిపోతుంది. తిరుమల నుంచి కారు నిండా మనుషులతో దిగేటప్పుడు, గేరులో ఇంజను బ్రేకింగ్ వాడకుండా పెడలు మీదే కాలుంచితే డిస్కుల వేడి ఆయిల్‌కు ఎక్కుతుంది. అది మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్ నలగదు, ఆవిరి నలుగుతుంది. పెడలు మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి ఆగదు. రెండేళ్లకోసారి ఆ ఆయిల్ మార్చాలన్న నియమం వెనుక ఉన్న భౌతికశాస్త్రం ఇంతే.

మన రాష్ట్రాల్లో దూరాల లెక్క తెలిసినవాళ్లు టాక్సీ యజమానులు. పాత ఇన్నోవా నాలుగైదు లక్షల కిలోమీటర్లు నడవడం వాళ్లకు వింత కాదు. ఆ డీజిల్ ఇంజనుకు టైమింగ్ బెల్టు ఉంటుంది, గడువు రాగానే డ్యాష్‌బోర్డు మీద దాని కోసమే ఒక దీపం వెలుగుతుంది. బెల్టు మార్చకుండా దీపాన్ని మాత్రం ఆర్పించుకున్నవాళ్లకు అది తెగిన రోజు పిస్టన్లు వాల్వులను గుద్దుతాయి, ఖర్చు లక్షకు చేరవచ్చు. ఎయిర్ ఫిల్టరుదీ అలాంటి కథే. రోడ్డు దుమ్ములో ఉండే ఇసుక ఇంజను ఇనుము కన్నా గట్టిది. చిరిగిన ఫిల్టరుతో తిరిగిన కొన్ని వేల కిలోమీటర్లు సిలిండరు గోడను గీకి పెడతాయి, ఎంత మంచి ఆయిల్ పోసినా ఆ గీతలు పోవు.

ఆటోమేటిక్ గేర్లు వచ్చాక కొత్త చిక్కు మొదలైంది. చాలా కార్ల కంపెనీలు గేర్‌బాక్సు ఆయిల్ జీవితకాలం ఉంటుందని, మార్చక్కర్లేదని చెబుతాయి. ఎంతమందికో గేర్‌బాక్సులు తయారుచేసి ఇచ్చే జర్మనీ కంపెనీ జెడ్ఎఫ్ మాత్రం తన ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో ఆయిల్‌ను 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకు, లేదా ఎనిమిదేళ్లకు మార్చమంటుంది. తయారుచేసినవాడి మాట వినడం మేలు. ఏ రకం ఆయిల్ అన్నది గేర్‌బాక్సును బట్టి కచ్చితంగా ఉంటుంది, చేతికందింది పోయకూడదు. మార్చేటప్పుడు యజమాని దగ్గరుండి అడుగు పళ్లెంలోని అయస్కాంతాలను చూడాలి. వాటికి బూడిద రంగు మెత్తటి ముద్ద పట్టి ఉంటే మామూలు అరుగుదలే, తుడిచి బిగించవచ్చు. వేలికి గుచ్చుకునే లోహపు పెచ్చులు కనిపిస్తే మాత్రం కొత్త ఆయిల్ పోసి పంపేయకుండా, గేర్‌బాక్సు విప్పించి చూడాలి.