అందరినీ ఒకేచోట అడిగితే ఎన్ని సలహాలు?

స్థలం కొనాలంటే చాలా ఇళ్లలో అందరూ హాల్లో కూర్చుంటారు. ‘అరవై లక్షలు చేస్తుంది’ అని పెదనాన్న అంటే, తర్వాతి అంచనాలన్నీ ఆ అరవై చుట్టూనే తిరుగుతాయి. ఐదుగురు మాట్లాడినా దక్కేది దాదాపు ఒకరి సలహానే.

1906లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ పశు ప్రదర్శనలో, ఒక ఎద్దును కోసి శుభ్రం చేశాక ఎంత తూగుతుందో ఊహించే పోటీ జరిగింది. శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 787 చీటీలు తీసుకుని అంచనాలను వరుసగా పేర్చారు. సరిగ్గా మధ్యలో నిలిచింది 1,207 పౌండ్లు. ఆయన చెప్పిన అసలు బరువు 1,198. తేడా ఒక శాతం లోపే! ఎవరి చీటీ వారే రాయడంతో ఒకరి పొరపాటు మరొకరికి అంటలేదు. ఎక్కువ చెప్పినవారి తప్పు, తక్కువ చెప్పినవారి తప్పు చాలావరకు చెల్లుకు చెల్లు అయ్యాయి.

2011లో జ్యూరిక్ పరిశోధకులు 144 మంది విద్యార్థులకు ఇతరుల అంచనాలు చూపించారు. సమాధానాలు దగ్గరయ్యాయి గానీ గుంపు అంచనా మెరుగుపడలేదు. తమ సమాధానంపై ధీమా మాత్రం పెరిగింది. డబ్బు పెట్టేవారికి అసలు ప్రమాదం ఇదే.

అందుకే ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేసి, మన అంకె చెప్పకుండా వారి అంకె రాసుకోవడం మేలు. అయితే అందరూ ఒకే బ్రోకరు మాట విన్నవారైతే ఎన్ని ఫోన్లు చేసినా వినిపించేది ఆ బ్రోకరే.